రెండు వందల ఏడో గడి

మూడు వందల పద్దెనిమిది అంకెల్లో ఒక్కటి వన్నూరుస్వామి మాట వినలేదు.

కళ్యాణదుర్గంలో ఒక సైకిల్ షాపు పైన రెండు గదులున్నాయి. నేల మీద చాప, రెండు కంప్యూటర్లు, గోడల నిండా పాత సర్వే పటాలు. అక్కడ అక్కులప్ప సారు పాఠం చెప్పేవారు. ముప్పై ఏళ్లు కరువు పల్లెల్లో నీటి జాడలు వెతికే ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. పల్లెల్లో ఆయన్ని నీళ్ల సారు అనేవాళ్లు. నేర్చుకుంటానని ఎవరొచ్చినా కాదనేవారు కాదు. చెప్పేది మాత్రం తక్కువ.

వన్నూరు ఆయన దగ్గర చేరి రెండేళ్లయింది. కంప్యూటరు ముందు అతని చేతి చురుకుకు ఆ గదుల్లో సాటి లేదు. ఆ సంగతి అందరికంటే బాగా అతనికే తెలుసు.

ఆ వేసవి మొదట్లో గువ్వలకొట్టాల సర్పంచి సారును వెతుక్కుంటూ వచ్చాడు. ఊళ్లో మూడు బోర్లు వేస్తే మూడూ దుమ్మే కక్కాయి. మూడు రోజులకోసారి ట్యాంకరు వస్తోంది. బిందెల దగ్గర కొట్లాటలు మొదలయ్యాయి. ఇంక ఒక్క బావికే అనుమతి ఉంది.

"అది కూడా ఎండిపోతే ఊరు ఖాళీ అయితాది సార్. యాడ తవ్వాల్నో మీరే సూపించాల," అన్నాడు.

ఒకప్పుడు ఆ ఊరికి తలపరిగె ఉండేది. భూమిలోంచి తనంతట తానే ఉబికే ఊటను కాలువగా తీసి పొలాలకు పారించుకునేవాళ్లు. అది ఎండి నలభై ఏళ్లయింది. కాలువ కూడా పూడి, దున్నకాల్లో కలిసిపోయింది. దాని జాడ పాత పటంలో సన్నని గీతగా మిగిలింది.

"ఆ గీత కింద యాడన్నా తడి బతికుందేమో చూడు నాయనా," అని సారు ఆ పని వన్నూరుకు అప్పజెప్పారు.

అది వన్నూరుకు నీళ్లు తాగినంత తేలిక. ఉపగ్రహం తీసిన చిత్రం నిండా గళ్లుంటాయి. ఒక్కో గడి నేల మీద పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. ఒక్కో గడికి ఒక అంకె. తడి ఎక్కువున్న చోట అంకె పెద్దదయ్యేలా చిత్రాన్ని సిద్ధం చేసుకున్నాడు. దాని మీద పాత కాలువ గీతను పరిచాడు. గీత ఏయే గళ్ల మీదుగా పోతుందో ఆ గళ్ల అంకెలన్నీ వరసగా ఏరి పెట్టమని కంప్యూటరుకు చెప్పాడు. అది ఏరి పెట్టింది. మూడు వందల పద్దెనిమిది.

అన్నీ బీడు నేల అంకెలే. ముప్పై ఎనిమిది, నలభై, నలభై మూడు. ఊరి దగ్గర, రోడ్డు పక్కన కొంచెం పెరిగి డెబ్బై ఒకటి. మళ్లీ కిందికి. రెండు వందల ఏడో గడి దగ్గర మాత్రం ఉన్నట్టుండి నూట ముప్పై మూడు. దానికి ముందు గడి నలభై ఒకటి, తర్వాతిది నలభై నాలుగు.

వన్నూరు ముఖం చిట్లించాడు. చుట్టూ అంత ఎండగా ఉంటే మధ్యలో ఒక్క గడికి తడి ఎక్కడి నుంచి వస్తుంది? పాత పటం నుంచి గీత ఎత్తేటప్పుడు వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంటుంది. లేదా చిత్రంలోనే ఏదో మచ్చ. ఆ అంకె కొట్టేసి, అటూ ఇటూ ఉన్నవాటి సగటు వేశాడు. గ్రాఫు నున్నగా వచ్చింది. రోడ్డు పక్కనే బావి తవ్వాలని రిపోర్టు కూడా రాసేశాడు.

"మొత్తం నలభై సెకండ్లు పట్టింది సార్," అంటూ కాగితాలు సారు చేతికిచ్చాడు.

సారు గ్రాఫు వైపు చూడలేదు. అంకెల పట్టిక మీద వేలు పెట్టి, గింజలు ఏరుతున్నట్టు నెమ్మదిగా కిందికి దించుకుంటూ వచ్చారు. రెండో కాగితం మధ్యలో వేలు ఆగింది.

"నలభై రెండున్నర," అన్నారు.

వన్నూరు వంగి ఆ వేలు ఆగిన చోట చూశాడు.

"మిగతావన్నీ నిండు అంకెలు. ఉపగ్రహం అర ఎప్పుడు రాసింది నాయనా?"

వన్నూరు చెవులు వేడెక్కాయి. "అది తప్పు అంకె సార్. సరిచేశాను."

"ముందు ఎంతుండె?"

"నూట ముప్పై మూడు."

కోప్పడతారేమో అనుకున్నాడు. సారు గోడ మీది క్యాలెండరు దగ్గరికి పోయి తేదీలు లెక్కపెట్టుకున్నారు. "ఎల్లుండి ఆ ఉపగ్రహం మళ్లా వస్తాది. నువ్వూ నేనూ పోదాం," అన్నారు. లోపలి గదిలోంచి తాడు చుట్ట ఒకటి, మేకులు నాలుగు తెచ్చి గుమ్మం పక్కన పెట్టారు.

మూడో రోజు పొద్దున బస్సు దిగి ఇద్దరూ చేలకు అడ్డంపడి నడిచారు. ఎటు చూసినా గులకరాళ్లు, మాడిన గడ్డి, అక్కడక్కడ తంగేడు. సారుకు డెబ్బై రెండేళ్లు. అయినా ముందు నడిచేది ఆయనే. రెండు వందల ఏడో గడి ఉండాల్సిన చోటును జీపీఎస్ చూపించింది. సారు టేపుతో కొలిచి, నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టించి, చుట్టూ తాడు కట్టించారు.

"దీంట్లోకి పో. నేను పిలిచేదాకా బయటికి రావాకు."

"ఏం చేయాల సార్?"

"ఏం చేయొద్దు. ఉండు."

ఆయన గొడుగు తీసుకుని దూరంగా ఉన్న తుమ్మచెట్టు కిందికి పోయి కూర్చున్నారు.

వన్నూరు తాడు దాటి లోపలికి పోయాడు. లోపలా గులకరాళ్లే, మాడిన గడ్డే. బయట ఏముందో లోపలా అదే. తను చేసిందే సరైనదని మనసులో గట్టిగా అనుకున్నాడు. ఎండ ఎక్కింది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

పదిన్నర కావస్తుండగా చెట్టు కింద నుంచి సారు చెయ్యెత్తారు. "పైకి చూడు!"

చూశాడు. ఒక్క మబ్బు లేని ఆకాశం. ఒక గద్ద కూడా లేదు.

"ఏమీ కనపడలేదు సార్!"

"నీకు కనపడదు. నువ్వు దానికి కనపడినావు. ఇప్పుడే పోయింది."

వన్నూరు అలాగే తలెత్తి నిలబడిపోయాడు. ఏడెనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున ఏదో చప్పుడు లేకుండా దాటిపోయింది. పోతూ పోతూ ఈ తాడు లోపలున్నదంతా ఒక్క చూపులో ఎత్తుకుపోయింది. రాళ్లు, గడ్డి, తను, తన నీడ, నుదుటి మీది చెమట, అన్నీ కలిపి ఒక్క అంకె. కాళ్ల కింద నేల కొత్తగా అనిపించింది. అంతవరకూ అతను ఎన్ని లక్షల అంకెలు ఏరాడో అతనికే తెలియదు. ఒక్క అంకెలోనైనా నిలబడడం ఇదే మొదలు.

మెల్లగా కూర్చున్నాడు. కూర్చుంటే కనబడడం మొదలైంది. మాడిన గడ్డి దుబ్బుల మొదళ్లలో పచ్చని మొలకలున్నాయి. అది గడ్డి కాదు, తుంగ. తడి లేని చోట తుంగ బతకదు. చీమల పుట్ట అంచున తోడిపోసిన మన్ను పైన తెల్లగా, లోపల నల్లగా ఉంది. రాయి ఒకటి ఎత్తి చూస్తే కింద వేలెడంత కప్పపిల్ల కళ్లు మూసుకుని ఉంది. దాని గొంతు కింద చర్మం టపటపా కొట్టుకుంటోంది. చూసి, ఎక్కడి రాయి అక్కడే మెల్లగా పెట్టేశాడు.

మిట్టమధ్యాహ్నం మేకల గంటలు వినిపించాయి. పద్నాలుగు మేకలు బీడంతా వదిలేసి, పిలిచినట్టు నేరుగా తాడు వైపే వచ్చాయి. తాడు కిందుగా దూరి, అతని చుట్టూ మోకాళ్లు మడిచి పడుకున్నాయి. ఒకటి అతని ఒళ్లో గడ్డం ఆనించింది. వన్నూరు ఊపిరి బిగబట్టాడు. బయట అంత బీడుంది. ఒక్క మేక కూడా అక్కడ పడుకోలేదు.

వెనకే కర్ర ఊపుకుంటూ ఒక ముసలమ్మ వచ్చింది. పేరు ఈరక్క. గువ్వలకొట్టాల మనిషే.

"ఏం సామీ, ఎవురన్నా కట్టేసి పోయినారా నిన్ను?"

"లేదవ్వా. ఈడ ఉండమన్నారు మా సారు. నీ మేకలు ఎందుకు ఇట్ల వచ్చినాయి?"

"అవి రోజూ ఈడనే పండుకుంటాయి ఎండపూట. మా యమ్మ కాలం మేకలూ ఈడనే పండుకుంటుండె. ఈడ సల్లగుంటాది వాటికి."

"ఈ మాట ఊళ్లో ఎవరికైనా చెప్పినావా?"

ముసలమ్మ అతన్ని వింతగా చూసింది. "ఎవురడిగినారు సామీ?"

వన్నూరు అరచెయ్యి నేలకు ఆనించాడు. అవును, చల్లగా ఉంది. అవ్వ చేతిలోని కర్ర అడిగి తీసుకుని గులకరాళ్లు పక్కకు లాగి తవ్వసాగాడు. జానెడు లోతున ఎర్రమన్ను. మూరెడు లోతున ఇసుక. బీట్లో ఇసుకెక్కడిది? ఎన్ని వందల ఏళ్ల కింద పారిన నీళ్లు తెచ్చి పోసిన ఇసుక ఇది? ఇంకా తవ్వాడు. చెయ్యి భుజం దాకా గుంటలోకి దించి గుప్పెడు తీశాడు. నల్లగా ఉంది. పిడికిలి బిగించి విప్పాడు. ఇసుక ముద్ద రాలిపోలేదు. దాని మీద అతని నాలుగు వేళ్ల గుర్తులు అచ్చుగా పడ్డాయి.

ముసలమ్మ వంగి ఆ ముద్దను వాసన చూసింది. "మా పరిగె వాసన," అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చెంగుతో తుడుచుకుని, మేకలను అక్కడే వదిలేసి, ఊరివైపు వేగంగా నడిచింది. ఊరికి చెప్పడానికి పోతోందని వన్నూరుకు అర్థమైంది.

ఆ నెల్లోనే అక్కడ బావి తవ్వారు. పంతొమ్మిది అడుగులకు ఊట పడింది. మోకాలి లోతు ఊరేసరికి తవ్వేవాళ్లు పారలు వదిలేసి పైకెక్కాల్సి వచ్చింది. ట్యాంకరు రావడం మానేసింది.

కానీ వన్నూరు తర్వాతి రోజుల్లో నేర్చుకుంటామని తన దగ్గరికి వచ్చినవాళ్లకు చెప్పేది ఆ బావి గురించి కాదు. ఆనాటి సాయంత్రం గురించి.

ఎండ తగ్గాక సారు చెట్టు కింద నుంచి లేచి వచ్చారు. గుంటను చూశారు, ఇసుక ముద్దను చూశారు.

"సార్, నేను దీన్ని కొట్టేశాను," అన్నాడు వన్నూరు.

"ఊఁ. మేకులు పీకు. పక్క గడిలో వేద్దాం."

"పక్కది నలభై నాలుగే కదా సార్. అందులో ఏముంటుంది?"

సారు ముడులు విప్పారు. తాడు చుట్టుకుంటూ నిలబడ్డారు.

వన్నూరు మేకులు పీకాడు. పది మీటర్ల అవతలికి నడిచాడు. కొత్త గడి అంచుకు వచ్చాడు. అవే గులకరాళ్లు, అదే మాడిన గడ్డి, ఒక వాడిన తంగేడు కొమ్మ. కొమ్మ మీద ఏదో చిన్న పురుగు పైకి పాకుతోంది. లోపల పెట్టడానికి ఎత్తిన కాలు అలాగే గాలిలో ఆగిపోయింది.

తలెత్తి చూశాడు. ఆ గడి వెనక మరో గడి. దాని వెనక మరొకటి. సాయంత్రపు ఎండలో బీడు కనుచూపుమేర సాగి, కొండల దాకా పోయి, కొండలెక్కి అవతలికి దిగుతోంది.

ఎత్తిన కాలు నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు. చెప్పులు విడిచాడు.

"ఏమైంది నాయనా?" అన్నారు సారు.

"దీంట్లో ఏముందో నాకు తెలియదు సార్."

అక్కులప్ప సారు తాడు చుట్టను అతని చేతిలో పెట్టారు.

"తెలియదన్నావు కదా, ఇప్పుడు గీయి," అన్నారు, "గీత."