చందమామ మీద టముకు

అనగా అనగా, కుక్కలు కూడా మొరగడం మానేసి వినే టముకు ఉన్న ఒక ఊళ్ళో, ఆ టముకు వేసే నూకయ్య అనే ఒకాయన ఉండేవాడు.

తప్పిపోయిన గొడ్డు దొరికితే నూకయ్య వీధివీధికీ తిరిగి "ఈ గొడ్డు ఎవరిదహో!" అని అడిగేవాడు. మూడుసార్లు అడిగినా ఎవరూ పలక్కపోతే అది దొరికినవాడిదే. అదీ ఆ ఊరి కట్టుబాటు.

అప్పుడు ఒక గనుల దొర చందమామని తవ్వుకుంటానన్నాడు. అక్కడ మంచుందట, ఇనుముందట, ఇంకా ఏవేవో ఉన్నాయట. ఆశకి అంతుందా, అమ్మడూ? సర్కారువారు "ముందు టముకు వేయించు. సొంతదారు ఎవరూ పలక్కపోతే తవ్వుకో" అన్నారు. సరే, నూకయ్య నెత్తిన గాజుబుడ్డి లాంటి టోపీ పెట్టి పైకి తీసుకెళ్ళారు.

అక్కడ నూకయ్య టముకు కొట్టాడు. చప్పుడు రాలేదు. ఇంకాస్త గట్టిగా కొట్టాడు. రాలేదు. మూడోసారి చెయ్యి నొప్పెట్టేలా కొట్టాడు. ఊహూఁ. గాలి లేని చోట చప్పుడెలా నడుస్తుందే, పిచ్చితల్లీ!

"మూడయ్యాయి. ఎవరూ పలకలేదు. తవ్వండి," అన్నాడు దొర, టోపీలోని రేడియోలో.

"వినపడని టముకుకి ఎవరు పలుకుతారు బాబూ?" అన్నాడు నూకయ్య. దొర లెక్కచెయ్యలేదు. గడ్డపార దిగింది.

ఆ తర్వాత నూకయ్య, తప్పు కాయమని మొక్కుకుందామని వంగి, టోపీ నేలకి ఆనించాడు. అప్పుడు నేలలోంచి వినపడింది. డబ్. డబ్. డబ్. ఎవరో టముకు వేస్తున్నారు.

"ఆ నీలం ఉండ ఎవరిదహో!"

నూకయ్య తలెత్తి చూశాడు. నల్లటి ఆకాశంలో మన భూమి నీలంగా వేలాడుతోంది. అతని మనవరాలు, ఊరు, అన్నీ అందులోనే ఉన్నాయి. మళ్ళీ నేలకి టోపీ ఆనించాడు. "ఎవరిదహో!" అని రెండోసారి. భూమ్మీద ఎవరికీ వినపడలేదు, ఎవరూ పలకలేదు. ఇంకొక్కసారి పలక్కపోతే అది దొరికినవాడిదే.

మూడోసారి అడిగేలోగా నూకయ్య అరిచాడు. "మాదే! మేమున్నాం!"

చప్పుడు ఆగింది. కాసేపటికి సరిగ్గా అతని చెంప కిందనించి, మెల్లగా, "మరి ఇది?" అని వినపడింది.

నూకయ్య దొర మెడ వంచి అతని టోపీ కూడా నేలకి ఆనించాడు. దొర విన్నాడు. "మీదే... మీదే..." అంటూ గడ్డపార తనే పీకేసి, గుంటని చేతుల్తో పూడ్చాడు.

"అడిగిందెవరు అమ్మమ్మా?"

ఏమోనే. నూకయ్యకీ తెలీదు. కానీ తిరిగొచ్చాక అతను మళ్ళీ మంచం ఎక్కలేదు. ఇంకోసారి అడిగితే పలకాలిగా, అందుకని నేలకి చెవి ఆనించి పడుకునేవాడు. అతని మనవరాలికీ అదే అలవాటైంది. మంచం ఉండగా చాప మీద ఎందుకు పడుకుంటావని నన్ను రోజూ అడుగుతావుగా. ఇందుకే.

టముకేమో చూరుకి,
కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
ఓ చెవేమో నేలకి.