ఒంటెతోలు కుట్టిన తుపాకి

సిద్ధోజికి ఆ తుపాకి మీద మనసు పడింది. ఆయుధశాలలో ఎవరూ రెండోసారి చూడని తుపాకి అది.

మేళ్లవాయి సంస్థానం సిపాయిలు మొదటి మహాయుద్ధంలో అరబ్బుల దేశంలోని బస్రా దాకా వెళ్ళి, శత్రువుల నుంచి గుంజుకున్న తుపాకులు ఒక గదినిండా తెచ్చారు. అలాంటివి పోగుచేయడమంటే రాజావారికి మహా ఇష్టం. వాటిని తుడిచి, నూనె పెట్టి, పేలకుండా లోపలి సూది తీసేసి, దర్బారు గోడకు తగిలించే పని ఖుద్రతుల్లా ఉస్తాద్‌ది. సిద్ధోజి ఆయన శిష్యుడు. కమ్మరి ఇంట పుట్టినవాడు, ఇనుము వాడి మాట వినేది. ఆ సంగతి వాడికి కాస్త ఎక్కువే తెలుసు.

ఈ తుపాకి ఒక్కసారి పట్టుబడి ఊరుకున్నది కాదు. జర్మనీలో పుట్టి తుర్కీ సైన్యానికి అమ్ముడుపోయింది. వాళ్ళ దగ్గర్నుంచి ఎడారి అరబ్బులు ఎత్తుకుపోయారు. అరబ్బుల దగ్గర్నుంచి ఇంగ్లీషువాళ్ళు లాక్కుని, తమ ముద్ర కొట్టి, మన సిపాయి చేతికిచ్చారు. చేయి మారినప్పుడల్లా ఏదో ఒకటి మారింది. గొట్టం ఒక తుపాకిది, బోల్టు ఇంకోదానిది. ఒక్కో భాగం మీద ఒక్కో అంకె. చెక్క మెడ దగ్గర విరిగితే ఎవరో పచ్చి ఒంటెతోలు చుట్టి కుట్టారు. అది ఎండి గట్టిగా బిగుసుకుంది.

వచ్చే దసరాకు దర్బారు గోడ సర్దాలని దివాను భూపతిరావు వచ్చి, దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఇదేం తుపాకి? బొంతలెక్క ఉన్నది. చుట్టాలు చూస్తే నవ్వరా? అసలైనవే గోడకు పెట్టుండ్రి. ఇసొంటివి పండుగ ముందర కొలిమిల వేసి కరగబెట్టుండ్రి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

 దీన్ని కొలిమి పాలు కానిచ్చేది లేదని సిద్ధోజి పంతం పట్టాడు. పట్టాడంటే ఉడుంపట్టే. వానాకాలమంతా కూర్చుని అక్రోటు చెక్కతో కొత్త మెడ, కొత్త మడమ చెక్కాడు. పాత ఇనుములో వెతికి పుట్టింటి గొట్టం లాంటిదే ఒకటి పట్టాడు. అన్ని భాగాల మీదా ఒకే అంకె కొట్టడానికి అచ్చులు కూడా చేసుకున్నాడు. తిండి చల్లారిపోతున్నా లేచేవాడు కాదు.

అంతా సిద్ధమయ్యాక ఉస్తాద్ ముందు పరిచాడు.

"ఉస్తాద్, ఇగ దీన్ని ఎవ్వరు బొంత అనరు. పరాయి ముద్రలన్నీ ఆకురాయితో రాకేస్త. అన్నిటిమీద ఒకటే అంకె కొడ్త. పుట్టినప్పుడు ఎట్లున్నదో అట్లయితది."

 ఉస్తాద్ గడప దగ్గర బాదంకాయల గిన్నె పెట్టుకుని కూర్చున్నాడు.

"మంచిది బేటా. ముందుగాల దీనిది కానిదంతా తీసి పక్కకు పెట్టు."

సిద్ధోజి హుషారుగా మొదలుపెట్టాడు. గొట్టం తీశాడు, బోల్టు తీశాడు. తోలు కుట్టిన చెక్క తీశాడు. అరబ్బులు వేసిన ఇత్తడి కట్లు తీశాడు. మరలు కూడా పరాయివే, అవీ తీశాడు. చివరికి చేతిలో జానెడు ఇనుపముక్క మిగిలింది.

"ఇదేనా?" అన్నాడు ఉస్తాద్.

"ఇదే ఉస్తాద్. దీనిమీద ఇంగ్లీషోళ్ళ ముద్ర ఒక్కటి రాకితే చాలు."

ఉస్తాద్ ఆ ముక్క అందుకున్నాడు. గడప మీద ఒక బాదంకాయ పెట్టి దాంతో ఠక్కున కొట్టాడు. పప్పు తీసి సిద్ధోజి చేతిలో పెట్టాడు. ఇంకోటి కొట్టి తన నోట్లో వేసుకున్నాడు.

"బాదంకాయలు కొట్టనీకి బాగున్నది" అన్నాడు.

సిద్ధోజి పప్పు నోట్లో వేసుకున్నాడు. గుడ్డ మీద కుప్పగా పడి ఉన్న భాగాల ముందు కూర్చున్నాడు. ఆ తోలు కుట్టు చేత్తో తడిమాడు. సగంలో దారం అయిపోతే, ఎవరో వేరే దారం ముడివేసి మిగతా కుట్టు పూర్తి చేశారు. ఎక్కడా ఒక్క పోగు తప్పలేదు. దీన్నా తాను పొయ్యిలో పెడదామనుకున్నది? వాడికి సిగ్గేసింది.

అంకెల అచ్చులు పాత ఇనుములో పారేశాడు. అక్రోటు చెక్క అటకెక్కింది. తీసినవన్నీ మళ్ళీ బిగించి, తుపాకికి నూనె పెట్టాడు.

పండుగ ముందు దివాను వచ్చాడు. సిద్ధోజి తనే ఎదురెళ్ళి తుపాకి ఆయన చేతిలో పెట్టాడు.

"కొత్త చెక్క చేసినవంట గదా?"

"చేసిన దొరా. దీనికి కాదు."

"ఇంతకు ఇది ఎవరి తుపాకి?"

"పట్టినోళ్ళందరిది దొరా. అన్ని లడాయిలల్ల పట్టుబడ్డది. పట్టినోడల్లా బాగుచేసుకున్నడు గని పారేయలేదు."

దివాను చెడ్డవాడేం కాదు. నలుగురూ నవ్వుతారన్న భయమే ఆయనది. 

"సరే, ఇంత కష్టపడ్డవు. గోడకు పెట్టు. మెడకు మాత్రం ఎర్ర పట్టుగుడ్డ చుట్టు. ఆ తోలు ఎవరి కంట పడొద్దు."

వానాకాలమంతా సిద్ధోజి కోరుకున్నది ఈ మాటే. ఊ అంటే చాలు, తుపాకి బతికిపోతుంది. ఊ అనడానికే నోరు తెరిచాడు.

"కుట్టు దాచేదుంటే వద్దు దొరా" అన్నాడు. "కొలిమిలనే వెయ్యుండ్రి."

 కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

దివాను తెల్లబోయాడు. తుపాకిని వెలుతురుకు తిప్పి, ఆ కుట్టు మీద బొటనవేలితో మెల్లగా రాశాడు. తరవాత ఉస్తాద్ వైపు చూశాడు.

"ఏం ఉస్తాద్? నీ శిష్యునికి తుపాకి మీద మోజు తీరినట్టున్నది."

"లేదు సాబ్" అన్నాడు ఉస్తాద్. "ఇయ్యాల్నే తుపాకిని ఉన్నదున్నట్టు పట్టుడు నేర్చిండు."