కొక్కేనికి చీర కట్టిన పోలమ్మ

అనగనగా, మన ముత్తాతల ముత్తాతలకి పాలపళ్ళు కూడా రాకముందు, ఏరు సముద్రంలో కలిసేచోట ఒక రేవు ఉండేది. ఆ రేవులో అట్లు పోసుకుని బతికేది పోలమ్మ. గట్టున గుంజకి ఇనప కొక్కెం, కొక్కేనికి తాడు, ఆ తాడు ఆసరాతోనే పడవ ఏరు దాటేది. ఒక వానాకాలం తుప్పుపట్టిన కొక్కెం విరిగి, పడవతోపాటు పోలమ్మ మొగుడూ సముద్రం పాలయ్యాడు. ఇప్పుడు కూతురు గున్నమ్మ రోజూ అదే రేవు దాటి ఉప్పుమళ్ళకి వెళ్తోంది. తల్లి గుండె ఊరుకుంటుందా మరి?

రేవువాళ్ళకో అలవాటు ఉండేది. గంగమ్మ చూసే ఇనుము మెరవాలని, ప్రతి అమావాస్యకీ కొక్కేన్ని చింతపండూ ఇసకా వేసి తెగ తోమేవాళ్ళు. తోమినకొద్దీ తుప్పు, తుప్పుపట్టినకొద్దీ తోముడు!

ఉప్పుగాలి ఇనుమునే ఎందుకు తింటోందని పోలమ్మకి ఒకటే ఆరా. కూతురి బంగారు ముక్కుపుడకనడిగింది. "నిన్ను ఉప్పుగాలి తినదేమే?" పుడక పలకలేదు. దానికి గాలితో పొత్తే లేదు. రాగిచెంబునడిగింది. "నిన్ను ఉప్పుగాలి తినదేమే?" గోటితో గీకితే పైన పచ్చటి పొర, లోపల ఎర్రెర్రగా రాగి.

"ఓసి నీ తెలివి మండా! చీర కట్టుకున్నావా!"

కొక్కేన్ని గీకింది. తుప్పు పొట్టులా రాలింది, కింద మళ్ళీ తుప్పే. చివరికి తన అట్లపెనాన్నడిగింది. "నిన్ను ఉప్పుగాలి తినదేమే?" పెనమూ ఇనుమే కదా! అత్తగారినాటిది, తుప్పు మచ్చ లేదు. దాన్ని ఏనాడూ ఎవరూ తోమలేదు. నూనె కాలికాలి నల్లగా ఒంటికి పట్టేసింది.

పోలమ్మ కమ్మరి వీరాచారి దగ్గరికి పరిగెత్తింది.

"మావా, ఇనుముకి ఒంటిన నిలిచే చీర లేదు. మనమే కట్టాలి. తోమామంటే ఊడదీసినట్టే!"

"నల్ల కొక్కెం చూస్తే గంగమ్మకి కోపం రాదూ?"

"మెరిసే కొక్కెమేగా మావా, నా మొగుణ్ణి మింగింది!"

ఆచారి లేచాడు. కొత్త కొక్కెం తీసి కొలిమి రాజేశాడు. కాల్చారు, నువ్వులనూనె రాశారు. మళ్ళీ కాల్చారు, మళ్ళీ రాశారు. మూడోసారీ అంతే. నల్లబడ్డ కొక్కేన్ని తెచ్చి గుంజకి బిగించారు.

వానలొచ్చాయి. ఏరు పోటెత్తింది. నడి ఏట్లో పడవ గిర్రున తిరిగింది, అందులో గున్నమ్మ! పోలమ్మ గుంజని వాటేసుకుని కొక్కేన్ని వేడుకుంది.

"కట్టిన చీర విప్పకే నా తల్లీ!"

తాడు కిర్రుమంది, గుంజ ఊగింది, కొక్కెం మాత్రం విరగలేదు. కూతురు గట్టెక్కి తల్లిని పట్టుకుని బావురుమంది.

పోలమ్మ పోయి ఎన్ని కాలాలయిందో! ఆ రేవులో ఇప్పటికీ వానలకి ముందు కొక్కేన్ని దించి, కాల్చి, నూనె రాస్తారు. దాన్ని చీర కట్టడం అంటారు. కొత్తకోడలు తెలియక పెనం తోమబోతే అత్త చెయ్యి పట్టుకుంటుంది. "ఆగవే, పోలమ్మ చీర లాగుతావా!"

కొక్కేనికి చీర కట్టిన రోజు పోసిన తొలి అట్టు ఎవరూ తినరు. ఏటి ఒడ్డున పెట్టి, "ఇదుగో పోలమ్మా, నీ మొగుడికీ పెట్టు" అంటారు.