పడవ మునిగేవేళ చదివింపులు

అడిగిన ప్రశ్నకు వేదగిరి దాసుగారు అక్కడికక్కడే జవాబు చెప్పగా చూసినవారు లేరు. అడిగినవాళ్లను రెండు మూడు రోజులు తన వెంట తిప్పుకునేవారు. జవాబు దారిలో ఎక్కడో ఎదురవుతుందని ఆయన నమ్మకం. ఎదురైన ప్రతిసారీ, అది ఆ చల్లని స్వామి పంపినదేననేవారు. కాదనడానికి మనమెవరం?

ఆయనకు కుముదిని అని ఒక శిష్యురాలు. సాయంత్రాలు గురువుగారి దగ్గర హరికథ నేర్చుకునేది, పగలు పది ఊళ్లకు వినిపించే ఒక చిన్న రేడియో నడిపేది. చిన్నదని తీసిపారేయకండి తల్లీ! ఏరు పొంగుతోందన్న మాట ఆ పది ఊళ్లకూ మొదట చేరేది ఆ రేడియోలోనే. పశువుల సూదిమందు ఏ ఊరికి ఏ రోజున వస్తుందో, సంతలో చింతపండు ధర ఎంత పలికిందో కుముదిని గొంతే చెప్పాలి. ఐదేళ్లు ఖర్చు భరించిన సంస్థ, ఇక మీ దారి మీరు చూసుకోండి అంది. సోమవారం రేడియో సంఘం కూర్చుంటుంది. ఆ రోజు ఏదో ఒకటి తేలకపోతే నెలాఖరుకు రేడియో మూగబోతుంది.

గురువారం పొద్దున్నే ఆమె గురువుగారి అరుగు మీద కూర్చుని ఆ సంగతంతా చెప్పి, అడిగింది. "ఇంటింటికీ ఏడాదికింతని రుసుము పెట్టమని సగంమంది అంటున్నారు గురువుగారూ. ప్రకటనలు తీసుకోమని మిగతా సగం. నూనె మిల్లు గౌరీపతి గారైతే ఏడాది ఖర్చంతా ఒక్క చేత్తో ఇస్తామంటున్నారు, గంటకోసారి ఆయన నూనె పేరు చెబితే చాలట. ఎవరింటి గుమ్మమూ ఎక్కక్కర్లేదు. ఏది మంచిది?"

దాసుగారు చిడతలకు కొబ్బరినూనె రాస్తున్నారు. "ఇవాళ పెదగెడ్డలో కథ ఉంది. ఎల్లుండి చిలకలవలసలో. వెనక కూర్చుని తాళం వేద్దువుగాని, రా" అన్నారు. అంతే.

మృదంగం సింహాద్రి పక్కనుంచి నవ్వాడు. "నువ్వు అన్నం పెట్టమన్నావు పాపా, ఆయన పొలం దున్నడానికి బయల్దేరాడు."

పెదగెడ్డ పందిరిలో మధ్యాహ్నం మూడింటికే జనం కిటకిటలాడారు. ఆ ఊళ్లో దాసుగారికి వేరే సంభావన లేదు. కథ నడుస్తుండగా ఎవరికి తోచిన డబ్బు వారు, చీటీ మీద పేరు రాసి పంపుతారు. దాసుగారు కథ ఆపి ఆ పేరు చదివి దీవిస్తారు. చదివింపులంటే తెలియనివారు మీలో ఉండరు కదూ!

ఆ రోజు కథ ఏటి పడవవాడిది. ముసురులో, పసిబిడ్డనెత్తుకున్న ఒక తల్లిని అవతలి ఒడ్డుకు చేర్చడానికి బయల్దేరాడు. నడి ఏట్లో పడవకు చిల్లి పడింది. నీళ్లు మడమలు దాటాయి, మోకాళ్లు దాటాయి. దాసుగారి గొంతు పైస్థాయికి వెళ్లింది. పందిట్లో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడు కుముదిని చేతికి ఒక చీటీ వచ్చింది. గౌరీపతి గారిది. ఆయన ముందు వరసలో, కుర్చీలో, తెల్లని పంచె సర్దుకుంటూ కూర్చున్నారు.

పడవ ఒడ్డు చేరేదాకా ఆగుదామనే అనుకుంది కుముదిని. మరుక్షణం సోమవారం గుర్తొచ్చింది. ఆయన కళ్లు తనమీదే ఉన్నట్టనిపించింది. చెయ్యి చాచి గురువుగారి భుజం తట్టింది.

"శ్రీయుతులు గౌరీపతి గారు వెయ్యి నూటపదహార్లు చదివించారు! ఆ స్వామి ఆయనకు ఆయురారోగ్యాలిచ్చి కాపాడుగాక!" అన్నారు దాసుగారు.

"బాగుంది! ఆయన్ని కాపాడాక ఆ పిల్లనీ కాపాడండి బాబూ, నీళ్లు మెడదాకా వచ్చీసినాయి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. పందిరంతా గొల్లుమంది. దాసుగారూ నవ్వారు. పడవ మళ్లీ కదిలింది గాని, నవ్వులో జారిన కొంగులు మళ్లీ నోటిదాకా లేవలేదు.

ఇక అసలు సంగతి వినండి. దాసుగారి కథలో ఒక పిట్టకథ ఉండేది. కల్తీ నూనె అమ్మే వర్తకుడొకడు గుళ్లో దీపం పెడతాడు. ఎన్నిసార్లు వెలిగించినా ఆరిపోతుంది. చివరికి లోపల్నుంచి స్వామి, "ఊరికి పోసిందే నాకూ పోశావా నాయనా? పోనీలే, నాకు వేరు చెయ్యలేదు" అంటాడు. ఆ మాట కోసం పది ఊళ్ల ఆడవాళ్లు కాచుక్కూర్చునేవారు. పడవ ఒడ్డు చేరి, తల్లి గుడికి నడిచే చోట అది రావాలి. కుముదిని తాళం సిద్ధం చేసుకుంది. దాసుగారు ముందు వరసకేసి ఒకసారి చూశారు. తల్లి గుడికి వెళ్లింది, దండం పెట్టుకుంది, మంగళహారతి అయిపోయింది. దీపం సంగతి రానే లేదు.

తిరుగుదారిలో బండి దిగేదాకా ఆగలేకపోయింది ఆమె. "గౌరీపతి గారు ఆ పిట్టకథ వద్దన్నారా గురువుగారూ?"

"పాపం, ఆయనేమీ అనలేదమ్మా. ఆయనకు నా కథలంటే ప్రాణం."

"మరి?"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను" అన్నారు దాసుగారు, కుతూహలంగా, ఎవరో మూడో మనిషి గురించి మాట్లాడుతున్నట్టు.

కుముదిని కళ్లముందు మిల్లు వెనక కాలువ కదిలింది. అందులో నీళ్లు నల్లబడ్డాయని కిందటి నెలలో రేడియోలో ఇద్దరు రైతులు చెప్పారు. వచ్చే ఏడాది వాళ్లను తను పిలుస్తుందా? ఎవరూ వద్దనకపోయినా? పిలవదేమో. కానీ, అమ్మయ్య, జవాబు దొరికింది అనుకుంది. ఇంటింటి రుసుమే! ఎల్లుండి చిలకలవలస వెళ్లడం కూడా దండగ అనుకుంది.

దాసుగారు మాత్రం శనివారం ఆమెను వదల్లేదు.

చిలకలవలసది వేరే పద్ధతి. కథకు వారం ముందే ఇంటికో తవ్వెడు బియ్యం పోగుచేసి దాసుగారింటికి పంపేస్తారు. చీటీల్లేవు, చదివింపుల్లేవు. పందిరి చుట్టూ మామిడాకులు గుచ్చిన తాడు కడతారు. బియ్యం పోసిన ఇళ్లవాళ్లు లోపల చాపల మీద కూర్చుంటారు. పోయనివాళ్లను ఎవరూ పొమ్మనరు. వాళ్లే తాడు దాటరు.

ఆ రోజు పడవను ఎవరూ ఆపలేదు. పిట్టకథ వచ్చింది, జనం నవ్వారు. కుముదిని మనసు పొంగిపోయింది. అయితే ఆ పొంగులోనే ఒక చిన్న సంగతి చెవిన పడింది. గురువుగారు తొందరపడడం లేదు. ఒక్కో కీర్తన మూడుసార్లు తిప్పుతున్నారు. నడి ఏట్లో పడవను వదిలి మేఘాలను వర్ణిస్తున్నారు. కథ సగంలో కరెంటు పోయి మైకు ఆగితే, గొంతు పెంచవలసింది పోయి, దగ్గరివాళ్లకు వినిపిస్తే చాలన్నట్టు పాడుకుంటున్నారు. చాపల మీద ఇద్దరు పెద్దలు పందిరి రాటలకు చేరగిలబడి కునుకు తీస్తున్నారు. మిగిలినవాళ్లు మర్యాదగా తలలూపుతున్నారు.

"మేఘాలు బాగున్నాయి స్వామీ. పడవలో వాళ్లు ముసలివాళ్లయిపోయేలా ఉన్నారు" అని సింహాద్రి మృదంగం మీద ముక్తాయింపు వేస్తూ గొణిగాడు.

మంగళహారతి అయ్యింది. జనం లేచారు. సామాను సర్దుతుంటే తాడు అవతలి నుంచి ఒక మనిషి పిలిచింది. నడివయసు, నెత్తి మీద పుల్లలమోపు, కాళ్లకు చెప్పుల్లేవు. ఎంతసేపటి నుంచి నిలబడిందో, మోపు దించుకోనైనా లేదు.

"బాబూ, ఆ పడవోడు ఒడ్డెక్కినాడా, నేదా?"

దాసుగారు తలెత్తారు. "నువ్వు వినలేదా తల్లీ?"

"కరెంటు పోయినకాడ్నుంచీ ఇనబడనేదు. మీరు మరీ మెల్లగా సెప్పీసినారు. ఇక్కడ నిలబడినోళ్లకి ఏటి ఇనబడతాది?"

"లోపలికి రావలసింది కదమ్మా" అంది కుముదిని.

ఆవిడ కుముదినికేసి వింతగా చూసింది. "మేం బియ్యం పొయ్యనేదు కదా పాపా."

అయ్యలారా, ఆ ఊరు మొత్తం కడుపునిండా కథ విని దండం పెట్టి వెళ్లింది. దాసుగారితో నువ్వు సరిగ్గా చెప్పలేదయ్యా అన్నది ఒక్క ఆవిడే. దాసుగారు ఆ మాట విని గజ్జెలు మళ్లీ కట్టుకున్నారు. తాడు దాటి, ఆవిడ ముందుకెళ్లి, మోపు తనే పట్టి దింపి, చిల్లి పడిన చోటి నుంచి కథ మొదలుపెట్టారు. మేఘాలు లేవు. పడవ మునిగింది, పడవవాడు బిడ్డను తలమీద పెట్టుకుని ఈదాడు. ఒడ్డు కాలికి తగిలిన చోట ఆవిడ "హమ్మయ్య!" అని ఊపిరి వదిలింది. మోపెత్తుకుని గట్టువెంట వెళ్లిపోయింది.

ముగ్గురూ పొద్దువాలుతుండగా నడుచుకుంటూ ఇంటిదారి పట్టారు. ఊరి పొలిమేర దాటకముందే దాసుగారు అన్నారు. "మొన్న ఒక్కరికి భయపడ్డాను. ఇవాళ ఎవరికీ భయపడలేదు. రెండు రోజులూ కథే దెబ్బతింది."

కుముదిని ఆగి ఆగి, తనలో తను కూడబలుక్కుంటున్నట్టు చెప్పింది. "సోమవారం మిల్లు డబ్బు వద్దంటాను గురువుగారూ. ఇంటింటికీ రుసుమే పెడదామంటాను. ఇవ్వలేని ఇళ్లు ఊరికో నాలుగైనా ఉంటాయి. వాళ్లు తాడు అవతల నిలబడకుండా, రేడియో బాగోకపోతే బాగోలేదని మన మొహం మీద చెప్పేలాగా ఏదో ఒకటి…"

"ఏమిటది?"

"ఇంకా తెలియదు. ఇందాకటి ఆవిడలాంటి వాళ్లను సంఘంలో కూర్చోబెట్టాలేమో."

"ఆవిడ పేరేమిటి?" అన్నారు దాసుగారు.

పేరు అడగాలని కుముదినికి తోచనే లేదు. సింహాద్రి ఆకాశంకేసి చూశాడు.

దాసుగారు దారి పక్కన ఒక రాయి చూసుకుని కూర్చున్నారు. "గట్టు దాటి ఉండదు. వెళ్లి అడిగి రా అమ్మా, నేనిక్కడే ఉంటాను."