దివిటీ ఫోనులో వాగుగంట

చింతవాగు కొండ దిగి అడవిలో అడుగుపెట్టే చోట ఒడ్డు బాగా పల్లం. నేల మెత్తన, దుంపలు పుష్కలం. అందుకే ముళ్ళపందులూ కుందేళ్ళూ అక్కడే బొరియలు తవ్వుకుని కాపురం పెట్టారు. బెడద ఒక్కటే. కొండ మీద వాన పడిందంటే, ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు విరుచుకుపడేది. ముళ్ళపంది నూకాలు మొగుడు అలాంటి పొంగులోనే కొట్టుకుపోయాడు.

ఆ తరవాతే అందరూ తలా ఒక దివిటీ ఫోను తెచ్చుకున్నారు. గిజిగాళ్ళు అందులో వాగుగంట అనే యాప్ కట్టి ఇచ్చారు. కొండ మీద కాపలా ఉండే నీటికుక్క ఒక మీట నొక్కితే కింద దివిటీలన్నీ ఒక్కసారి మోగుతాయి. మోగిన అరగంటకి నీళ్ళొస్తాయి. పిల్లల్నీ తిండినీ మెరక మీదికి చేర్చుకోవడానికి ఆ అరగంట చాలు. దివిటీ తయారుచేసిన కంపెనీ దాన్ని ఏనాడో వదిలేసింది. ఏటా వానలకి ముందు దాన్ని సరిచేసి అప్‌డేట్ పంపేది గిజిగాళ్ళే. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాళ్ళు కాదు.

ఆ ఏడు తొలకరి పడిపోయింది. అప్‌డేట్ ఇంకా రాలేదు. నక్క సోమలింగం మాత్రం వచ్చాడు, మెడలో తళతళలాడే కొత్త ఫోను వేలాడేసుకుని.

"మెరుపు అంటారు దీన్ని. నిన్నగాక మొన్న దిగింది. ఇక మీ దివిటీల పని అయిపోయినట్టే నూకాలక్కా!"

"అదేంటి, నా దివిటీ బాగానే పనిచేస్తోంది కదా?"

"ఇవాళ చేస్తోంది. రేపో? గిజిగాళ్ళకి మాత్రం కొత్తదాని మీద మోజుండదా? అంతా మెరుపు మీద పడ్డారు. అప్‌డేట్ ఎందుకు రాలేదనుకున్నావ్? ఇక రాదు."

నూకాలు ముళ్ళు తనకి తెలియకుండానే నిక్కబొడుచుకున్నాయి. బొరియలో ముగ్గురు పిల్లలు దుంప కోసం కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"మరి ఏం చెయ్యమంటావ్?"

"ఏముంది! నీ దివిటీ నాకిచ్చెయ్, మెరుపు తీసుకో. వానాకాలానికి దాచుకున్న దుంపల్లో సగం నాకు పెట్టు. నీ పిల్లల మీద జాలి కొద్దీ చెబుతున్నాను."

పక్క బొరియలో ఉండే కుందేలు మంగతాయి అంతా విని పరుగెత్తుకొచ్చింది. ఆవిడకి ఏది విన్నా భయమే. "వదినా, ఆలోచిస్తూ కూర్చుంటే మునిగిపోతాం!" అంటూ అప్పటికప్పుడు దివిటీ ఇచ్చేసి, దాచుకున్న తిండిలో సగం సోమలింగం బస్తాలో పోసింది. సాయంత్రానికి ఇంకో నాలుగు కుటుంబాలు అదే పని చేశాయి. సోమలింగం ఆ దివిటీల్ని ఊళ్ళో పాతసామాన్లవాడికి అమ్మేసి, బస్తాలన్నీ వాగు ఒడ్డున ఉన్న తన గుహలో పేర్చుకున్నాడు.

నూకాలు మాత్రం ఎటూ తేల్చుకోలేకపోయింది. సగం దుంపలు ఇస్తే శ్రావణం దాటేసరికి పిల్లలు పస్తులుండాలి. ఇవ్వకపోతే, గంట మోగని రోజున వాళ్ళ నాన్న గతే పిల్లలకీ పడుతుంది. తెల్లవారగానే ఎద్దు గంగులు దగ్గరికి వెళ్ళింది. గంగులు ఊరి కాడి దింపుకుని వచ్చి అడవిలో స్థిరపడ్డ ముసలివాడు. ఏ మాట చెప్పినా ముందు కాసేపు నెమరేసేవాడు.

"గిజిగాడు మానేశాడని నీకు ఎవరు చెప్పారు?" అన్నాడు చివరికి.

"సోమలింగం."

"గిజిగాడు చెప్పాడా?"

"లేదు మావయ్యా."

"మరి వెళ్ళి అడుగు. పిల్లల్ని నేను చూసుకుంటాలే."

ఈ సంగతి సోమలింగం చెవిన పడనే పడింది. వాడికి అడ్డదారులు కొట్టిన పిండి. నూకాలు రొప్పుకుంటూ గిజిగాళ్ళుండే ఈతవనం చేరేసరికి వాడు పని ముగించుకుని ఎదురొచ్చాడు.

"వచ్చావా అక్కా? పాపం, అంత దూరం నడిచావు. వెళ్ళు, నీ కళ్ళతో నువ్వే చూసుకో," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

నూకాలు తలెత్తి చూసింది. గిజిగాడు అప్పలకొండ గూటి పక్కన, ఈతమట్టకి కట్టి, సరికొత్త మెరుపు ఫోను ఊగుతోంది. ఆవిడ చెట్టు మొదట్లోనే కూలబడింది.

"ఎవరది? నూకాలక్కేనా?" అప్పలకొండ గూట్లోంచి తల బయటపెట్టాడు. "అలా కూర్చున్నావేం?"

"నిజమేనన్నమాట. దివిటీని వదిలేశారు."

"ఎవరన్నారు?"

"ఇంకా ఎవరనాలి? ఎదురుగా కనబడుతోందిగా, ఆ మెరుపు!"

అప్పలకొండ కిచకిచమని నవ్వి ఆ ఫోను ముక్కున కరుచుకుని కిందికి దిగాడు. "ఇదా? సోమలింగం ఊరికే ఇచ్చిపోయాడు. 'దీనికే పనిచెయ్యండి, ఆ పాతదాన్ని వదిలెయ్యండి, నూకాలు వస్తే అదే మాట చెప్పండి' అన్నాడు. ఫోను పుచ్చుకున్నాను. మాట మాత్రం ఇవ్వలేదు."

"అయితే అప్‌డేట్ ఎందుకు రాలేదు తమ్ముడూ?"

అప్పలకొండ ముఖం కాస్త చిన్నబోయింది. "నీ దగ్గర దాచడమెందుకు? మాలో ఇద్దరు కుర్రాళ్ళు మెరుపు పనికి వెళ్ళిన మాట నిజమే. పైగా దివిటీ లోపలి సంగతులు ఆ కంపెనీ ఎప్పుడూ బయటపెట్టలేదు. ఇన్నేళ్ళూ చీకట్లో తడుముకుంటూనే కట్టుకొచ్చాం. ఈసారి ఒక చోట అడ్డం పడింది. ఇరవై రోజులుగా ముడి విడలేదు. ఏదీ, నీ ముల్లొకటి ఇవ్వు."

నూకాలు ఒక ముల్లు రాల్చి ఇచ్చింది. అప్పలకొండ దాంతో మెరుపు వెనక మూత విప్పాడు. తరవాత నూకాలు దివిటీ అడిగి దాన్నీ విప్పి, రెండూ పక్కపక్కన పెట్టాడు. ఒకదాన్నీ ఇంకోదాన్నీ మార్చి మార్చి చూశాడు. తరవాత రెక్కలు టపటపా కొట్టుకున్నాడు.

"అక్కా, ఇటు చూడు! ఈ నల్లబిళ్ళ రెండింట్లోనూ ఒక్కటే! పైన తొడుగు కొత్తది, లోపల గుండె అదే!"

"అంటే?"

"మెరుపు కంపెనీ ఈ బిళ్ళ వివరాలన్నీ అందరూ చూసేలా బయట పెట్టింది. వాటితో మా కుర్రాళ్ళు అక్కడ చేసిన ప్రతి పనీ ఇక్కడ నీ దివిటీకీ సరిపోతుంది. ఇరవై రోజుల ముడి ఇవాళే విడిపోతుంది. దివిటీకి ఇంకో నాలుగేళ్ళు ఢోకా లేదు!"

నూకాలు నమ్మలేనట్టు చూసింది. "మరి ఆ తరవాత మానేస్తారా?"

"మా గూళ్ళు ఎక్కడ వేలాడుతున్నాయో చూడక్కా. వాగు మీదే కదా! ఆ గంట మోగకపోతే మునిగేవాళ్ళలో మా పిల్లలూ ఉంటారు."

నూకాలు గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. నిన్నటి నుంచి నిలబడే ఉన్న ముళ్ళు ఒక్కొక్కటే వాలాయి. అప్పలకొండ కూర్చోమని ఈతపళ్ళు పెట్టాడు. ఆవిడ తింటుండగానే ముడి విప్పి, పొద్దు వాలకముందే అప్‌డేట్ ఆవిడ ఫోనులో వేసి, మిగతా దివిటీలకీ పంపించాడు.

"మరి మెరుపులో గంట మోగుతుందా?"

"ఇంకా మోగదు. దానికి వేరే కట్టాలి, వారం పడుతుంది. అదే చెప్పాను సోమలింగానికి. విననట్టు వెళ్ళిపోయాడు."

ఈతపళ్ళు నోట్లో ఉండగానే నూకాలు లేచి ఇంటిదారి పట్టింది. మెరుపు మెడలో వేసుకున్న మంగతాయి గుర్తొచ్చింది.

ఇల్లు చేరగానే పొరుగువాళ్ళందరినీ పిలిచి అప్పలకొండ చెప్పిందంతా చెప్పింది. సోమలింగం కూడా వచ్చాడు, ఇంకో ఖాళీ బస్తా తీసుకుని.

"సోమలింగం, ఒక్కటే అడుగుతాను. నీ మెరుపులో వాగుగంట మోగుతుందా?"

"అన్నీ మోగుతాయి!"

"అయితే రేపు మిట్టమధ్యాహ్నం నీటికుక్కని ఒకసారి మీట నొక్కమంటాను. ఎవరి ఫోను మోగుతుందో అందరం చూద్దాం."

"చూద్దాం, చూద్దాం," అన్నాడు వాడు తోక ఊపుతూ. మర్నాడు ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోవచ్చని వాడి లెక్క.

మర్నాడు ఎండ ఇంకా నడినెత్తికి రాలేదు. ఉన్నట్టుండి నూకాలు మెడలో దివిటీ మోగింది. గంగులుది మోగింది. పల్లంలో మిగిలిన దివిటీలన్నీ గణగణమన్నాయి. మెరుపులు మాత్రం కిక్కురుమనలేదు.

"అప్పుడే నొక్కేశాడేం?" అని నూకాలు నీటికుక్కకి ఫోన్ చేసింది.

"పరీక్ష కాదమ్మా! కొండ మీద కుంభవృష్టి! వాగు బయల్దేరింది, పిల్లల్ని తీసుకుని పైకి పొండి!"

ఆ మాట ఫోనులోంచి అందరికీ వినబడింది. నూకాలు పిల్లల్ని ముందుకు తోలుకుంటూ, దారిలో కుందేలు బొరియ దగ్గర ఆగి గట్టిగా అరిచింది. "మంగతాయీ! నీ ఫోను మోగలేదు, నీళ్ళొస్తున్నాయి, లే!" మంగతాయి పిల్లలు గంగులు వీపు మీదికెక్కారు. మెరుపులున్న మిగతా ఇళ్ళకి పొరుగువాళ్ళే పరుగెత్తారు. నూకాలు రెండుసార్లు కిందికీ మీదికీ తిరిగి దుంపలన్నీ మెరకకి చేర్చింది.

సోమలింగం మాత్రం గుహ గుమ్మంలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "నాటకాలు! నన్ను అవతలికి పంపి బస్తాలు ఎత్తుకుపోదామనే కదా మీ ఎత్తు! నా మెరుపు మోగలేదే?" అన్నాడు.

"ఒరేయ్, నీ మెరుపుకి గంట ఇంకా కట్టలేదురా! అప్పలకొండ నీకే చెప్పాడట కదా!" అని గంగులు కేకేశాడు. సోమలింగం చెవులు మూసుకున్నాడు.

నీళ్ళు ఒక్క ఊపున వచ్చాయి. బస్తాలన్నీ బుడగల్లా తేలిపోయాయి. సోమలింగం ఒక చెట్టువేరు పట్టుకుని ఊళపెట్టాడు. గంగులు మెడలోతు నీళ్ళలోకి దిగి కొమ్ము అందించి వాణ్ణి ఒడ్డుకి లాగాడు. వాడి మెడలో మెరుపు కూడా ఎటో కొట్టుకుపోయింది.

సాయంత్రం మెరక మీద అందరూ తలలు లెక్కపెట్టుకున్నారు. ఒక్కరూ తగ్గలేదు. మంగతాయి ఏడుస్తూనే నవ్వింది. నూకాలు పిల్లలు ఆవిడ పొట్ట కింద, ముళ్ళు తగలని చోటు చూసుకుని నిద్రపోయారు. తిండి పోగొట్టుకున్నవాళ్ళకి ఎవరి దగ్గరున్నది వాళ్ళు తలా కాస్త పంచారు.

వారానికి మెరుపుకి కూడా వాగుగంట వచ్చింది. సోమలింగం ఊరికే ఇచ్చిపోయిన ఫోను మీదే అప్పలకొండ దాన్ని కట్టాడు. ఆ కబురు విని సోమలింగం తడి తోక ఈడ్చుకుంటూ నూకాలు దగ్గరికొచ్చాడు.

"అక్కా, నా దగ్గర ఏ ఫోనూ లేదు. ఆ మెరుపు తిరిగి ఇమ్మంటే అప్పలకొండ ఇవ్వనంటున్నాడు. ఎక్కడైనా పాత దివిటీ ఒకటి ఇప్పించవూ?"

"ఇప్పిస్తాలే," అంది నూకాలు. "మంగతాయి బొరియలో తిండి మళ్ళీ నిండేదాకా దుంపలు తవ్విపెట్టు."

వాన తెరిపిచ్చిన ప్రతి పూటా నక్క దుంపలు తవ్వడం ఆ అడవి మొదటిసారి చూసింది.

నీతి: పాతదానికి ఇక దిక్కు లేదని అమ్మేవాడు అంటే, కొనే ముందు ఆ మాట నిజమో కాదో దాన్ని బాగుచేసేవాణ్ణి అడిగి తెలుసుకోవాలి.