కోడి ఈకలకు నక్క మందు

ఈ కథ మా అక్క చెప్తుండె. ఇప్పుడామె లేదు, నేనే చెప్తున్న.

బర్రెల కొట్టంల ఒక పెట్ట ఉండె. దానికి నిలకడ లేదు. అటు ఉరుకుడు, ఇటు ఉరుకుడు, కుడితి తొట్టిల మొఖం చూసుకునుడు. దాని పిల్లలను గద్ద ఎత్తుకపోయి నెల గాలే. ముద్ద దిగుతలేదు. మీదికెల్లి ఈకలు రాలుడు షురువైంది. మెడ బోసి, తోక బోసి.

గప్పుడొచ్చింది నక్క, మోదుగాకు పొట్లం పట్టుకోని.

"ఏందక్కా, గింతగనం బోసిపోయినవ్? ఇగో, ఈకకు, తోలుకు, గోరుకు మూడిటికీ ఒక్కటే ఉండ. దినానికొకటి మింగు."

"ఏమేసి చేసినవ్?"

"ఇరవై తీర్ల ఆకులు. పేర్లు చెప్తె మందు పనిచెయ్యది."

"నీకేమియ్యాలె?"

"ఈకలు రాకపోతె ఏమొద్దు. వస్తె, ఇగ నువ్వు పెట్టే గుడ్లన్నీ నాయి."

పెట్ట ఆగమాగంల సరే అన్నది. నక్క పోంగనే పొట్లం ఇప్పింది.

పక్కన నెమరేస్తున్న ముసలి బర్రె, "చెల్లె, ఆగు. పోయినేడు గూడ గీ దినాలల్లనే నీ ఈకలు రాలినయి గద?" అన్నది.

"రాలినయి."

"మల్లొచ్చినయి గద. గప్పుడేం మింగినవ్?"

పెట్ట ఒంటికాలు మీద నిలబడి యాది చేసుకున్నది. "మందేం మింగలే. పురుగులు దిన్న, తవుడు దిన్న."

"మరి గిప్పుడు?"

"పిల్లలు పోయినకాన్నుంచి ఏం తినబుద్ధైతలేదు."

"ఏటేటా ఈకలు వాటంతటవే వస్తయని నక్కకెరికే. గందుకే వస్తెనే ఇయ్యమన్నది. ఆ ఉండలు పగిలిన కుండ కింద పెట్టు. నా తవుడు తిను."

"రాకపోతె?"

"రాకపోతె గుడ్లు నీయే గద. నీకు పోయేదేంది?"

అయినా పెట్ట పానం ఆగలే. దినాం పదిసార్లు కుండకాడికి పోవుడు, ఒక్కటి మింగితె ఏమాయె అనుకునుడు. బర్రె తోకతోని అదిలిచ్చుడు. అదిలిచ్చినంక మల్ల తవుడు కాడికొచ్చుడు.

నెల దాటంగనే నిగనిగ ఈకలొచ్చినయి. ఇంకిన్ని దినాలకు గంపల మొదటి గుడ్డు పెట్టింది. నక్క సంచి ఏసుకోని దిగింది.

"చూసినవా నా మందు. ఏవక్కా గుడ్లు?"

పెట్ట కుండ లేపింది. ఉండలన్నీ అట్లనే ఉన్నయి, బూజు పట్టి. చీమలు గూడ ముట్టలే.

నక్క గొంతు సవరించుకున్నది. "వాసనకే పనిచేసిందక్కా. నా మందు గసువంటిది."

"గా వాసన నేను గూడ పీల్చిన. నా తోకకు ఒక్క ఈక రాలేదేంది?" అనుకుంట బర్రె లేచి నిలబడ్డది.

నక్క కొమ్ముల దిక్కు చూసింది. సంచి ఆడనే ఇడిచి ఉరికింది.

పెట్ట గంపల కూసున్నది. గద్ద వచ్చిపోయినకాన్నుంచి అది ఒక్కకాడ కూసున్నది గప్పుడే.

మింగకుంటె ఏమైతుండెనో అడగనోళ్లకు, మింగినందుకు ఏమైందో ఎప్పటికీ తెల్వది.