వరసలో నిలబడ్డవాళ్ళు

విరూపాక్షయ్య గారికి వాదం మీద మక్కువ తక్కువ. ఎవరైనా ప్రశ్న వేస్తే తాను కళ్ళారా చూసిన సంగతి ఉంటే చెప్పేవారు, లేకపోతే తెలియదనేవారు. ఒకనాడు పాఠం ముగిశాక మార్కండేయులనే శిష్యుడు అడిగాడు: "గురువుగారూ, అన్నీ పోగొట్టుకున్నవాళ్ళకు మొదట ఏమివ్వాలి? అన్నమా, ధైర్యమా?"

గురువుగారు తాను వయసులో ఉన్న రోజుల్లో జరిగిన ఒక సంగతి చెప్పారు.

సముద్రానికి దగ్గర్లో తోటవలస అనే ఊరు. అక్కడ ఇరవై ఎనిమిదిమంది ఆడవాళ్ళు కలిసి మామిడి తాండ్ర సంఘం పెట్టుకున్నారు. అంతకుముందు వాళ్ళంతా తెల్లారకుండానే ఆటోల్లో ఇరుక్కుని రొయ్యల షెడ్లకు కూలికి పోయేవారు. ఐసునీళ్ళలో నాని వేళ్ళు పాచిపోయేవి. సంఘం వచ్చాక ఆ బాధ తప్పింది. నాలుగో ఏడు, కాయ పండడానికి ఇంకా పదిరోజులుందనగా తుఫాను పడింది. షెడ్డు కప్పు లేచిపోయింది, తాండ్ర పోసే చాపలు కొట్టుకుపోయాయి, తోటల్లో కాయంతా నేలరాలింది.

మూడోనాడు పట్నం నుంచి వల్లభరావనే ఇంజనీరు పదిమందిని వెంటబెట్టుకుని సాయానికి వచ్చాడు. ఆ పదిమందిలో విరూపాక్షయ్య గారొకరు. వాళ్ళు వెళ్ళేసరికి కప్పులేని షెడ్డులో సంఘం పెద్ద సన్యాసమ్మ, ఇద్దరు ముసలమ్మలు కత్తిపీటల ముందు కూర్చుని పచ్చికాయ కోస్తున్నారు. వాళ్ళ వెనక తోటల్లోంచి ఏరి తెచ్చిన కాయలు గుట్టలుగా పడి ఉన్నాయి.

"అమ్మా, కొత్త రేకులు వేయిస్తాం. చాపలూ తెప్పిస్తాం. ఇంకేం కావాలో చెప్పండి" అన్నాడు వల్లభరావు.

సన్యాసమ్మ చెయ్యి ఆపలేదు. "రేకులు వచ్చే నెల ఏసినా సరిపోద్ది బాబూ. ఈ కాయ ఎల్లుండికి ఉండదు. దెబ్బతిన్న కాయ పండదు, కుళ్ళిపోద్ది. ఇప్పుడే కోసి ఉప్పేసి ఎండబెడితే ఒరుగులైనా అవుతాయి. కోసే మనిషేదీ? మావోళ్ళంతా పొద్దుటేల నుంచీ బడికాడ బియ్యం లైన్లోనే ఉన్నారు. ఇది కూడా పోతే మళ్ళీ రొయ్యల షెడ్లే మాకు."

"అయితే మేమే కోస్తాం" అని వల్లభరావు ఒక కత్తిపీట ముందు కూర్చున్నాడు. రెండో కాయకే బొటనవేలు తెగింది. సన్యాసమ్మ తన కొంగు చింపి కట్టు కట్టింది.

"మీరు రోజంతా కోసినా బుట్ట నిండదు. మావోళ్ళు గంటకో బుట్ట కోస్తారు" అని, కాస్త మొహమాటపడుతూ అడిగింది: "మీకు నిలబడ్డం వచ్చు కదా బాబూ?"

వల్లభరావు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత గట్టిగా నవ్వి, అందర్నీ బడి దగ్గరికి తీసుకుపోయాడు.

వరస బడి గేటు దాటి రోడ్డు మీదికి సాగి ఉంది. ఏ ఇంటి బియ్యం ఆ ఇంటివాళ్ళే తీసుకోవాలని పంచేవాళ్ళ నియమం. వల్లభరావు వాళ్ళకు నచ్చజెప్పాడు: "బియ్యం మాకొద్దు. చోటు మాత్రం కాస్తాం. వంతు రాగానే పిలిస్తే వాళ్ళే వచ్చి తీసుకుంటారు." వాళ్ళు ఒప్పుకున్నారు. సంఘం ఆడవాళ్ళే కదల్లేదు. పిల్లల ఆకలి ముందు ఎవరి మాటనీ నమ్మే స్థితిలో లేరు.

"నా వంతు దాటిపోతేనో?" అంది గౌరమ్మ అనే ఆమె.

"పోనివ్వను తల్లీ" అన్నాడు వల్లభరావు.

ఆమె వెనక్కి చూసుకుంటూ వెళ్ళింది. గంట తర్వాత పిలుపందుకుని, ఉప్పుచేతులతోనే పరుగున వచ్చింది. తన చోటు తనకున్నది. బియ్యం మూట నెత్తినెత్తుకుని, వరసలో ఉన్న మిగతావాళ్ళతో, "ఇంకా నిలబడ్డారేటే? కాయ పాడైపోతంది, ఎళ్ళండి!" అని కేకేసింది. అంతే, ఒక్కొక్కరూ చోటు అప్పజెప్పి షెడ్డుకు పరుగెత్తారు. ఒక్కో మనిషి ఇద్దరికీ ముగ్గురికీ చోటు కాశాడు. విరూపాక్షయ్య గారి కాళ్ళు పొద్దువాలేదాకా ఆ రోడ్డు మీదే ఉన్నాయి. ఎవరి వంతూ పోలేదు.

మర్నాటి మధ్యాహ్నానికి గుట్టలన్నీ ముక్కలయ్యాయి. ఆపై మబ్బు విడిచి ఎండ పేలింది. బడి మేడ మీద, రోడ్డు మీద, విరిగిన రేకుల మీద, ఎక్కడ చూసినా ఒరుగులే. ఆ ఏడు సంఘం నుంచి తాండ్ర రాలేదు గాని, ఒరుగులు అమ్మిన డబ్బుతో సంఘం నిలిచింది. ఒక్క మనిషి కూడా రొయ్యల షెడ్డుకు తిరిగి పోలేదు. మరుసటి వేసవికి కొత్త చాపల మీద రసం పోశారు.

శిష్యుడు హాయిగా ఊపిరి వదిలాడు. అయినా ఏదో వెలితిగా ఉన్నట్టు, "అయితే గురువుగారూ, మీరంతా ఆ రోజు చేసింది ఊరికే నిలబడడమేనా?" అన్నాడు.

"అంతే నాయనా" అన్నారు విరూపాక్షయ్య గారు. "సాయానికి వెళ్ళినవాళ్ళకు తాము అనుకున్నది చెయ్యడంతోనే సరిపోతుంది. ఊరికే నిలబడే తీరిక దొరకడమే అరుదు."